కారానికి పక్షపాతం ఉండదు

మీ రెండు కళ్లలో ఏది నిజంగా చూస్తోందో, ఏది పక్కదాని చాటున కాలక్షేపం చేస్తోందో ఇప్పటికిప్పుడు చెప్పగలరా? తడబడుతున్నారు కదూ. వీరడూ చెప్పలేకపోయాడు. పైగా వాడు మిరప కల్లానికి కావలి కుక్క. చూపు మీదే వాడి బతుకు.

కాయలు ఎండబోశారంటే ఆ కల్లంలో ఎర్రకన్ను లేని ప్రాణి ఉండదు. ఎద్దులూ ఏడుస్తాయి, మేకలూ ఏడుస్తాయి. ఒకరినొకరు పరామర్శించుకోవడం మానేసి ఏళ్లయింది. ఎవరు కన్ను నలుపుకున్నా ఒకటే మాట, "కారంలే, కడుక్కో."

అందుకే చుక్కల పెట్ట రంగికి వీరడి ఎర్రకన్ను మీద మొదట అనుమానం రాలేదు. కల్లం పక్కన గంపలో తొమ్మిది గుడ్లు పొదుగుతోంది. ఆ ఉదయం నాలుగు గింజలు ఏరుకుని వచ్చేసరికి ఏడే ఉన్నాయి. గంపకి మూరెడు దూరంలోనే పడుకున్న వీరడు, రెప్ప వాల్చలేదని ఒట్టేశాడు. అబద్ధం కాదని వాడి మొహమే చెబుతోంది. మరి గుడ్లకి కాళ్లొచ్చి నడిచాయా?

ఇంతలో కంచె అవతలి నుంచి గుంటనక్క పలకరించింది. కంచె దాటనంతసేపూ నక్క కూడా పొరుగువాడేనని వీరడి సిద్ధాంతం.

"ఎడమ కన్ను బాగా ఎర్రబడింది బావా. కల్లంలో కన్ను ఎర్రబడకపోతేనే రోగం. నీళ్లు కొట్టుకుని కదలకుండా పడుకో. వైద్యం చేసే కొంగ దగ్గరికి పరిగెత్తావంటే కావలివాడు కారానికి జడిశాడని అందరూ నవ్వుతారు."

వీరడు నిజమేనంటూ తలూపాడు. రంగి మాత్రం ఊపలేదు. నక్కకి జాలి కలిగిందంటే ఎవరికో మూడినట్టే. పైగా గంప ఉన్నది వీరడికి ఎడమ పక్కనే.

కోడి దేన్నీ ఊరికే నమ్మదు. తల ఇటు వంచి ఒక కంటితో చూస్తుంది, అటు వంచి రెండో కంటితో చూస్తుంది. నక్క పొదలోకి తప్పుకోగానే, రంగి వీరడి చేత ఆ పనే చేయించింది. కుడి కన్ను పంజాతో మూసుకుని, తాను ఏ కాలు ఎత్తిందో చెప్పమంది.

వీరడు కాసేపు వెతికి, మెల్లగా అడిగాడు. "ముందు నువ్వెక్కడున్నావో చెప్పు."

ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. కన్ను ఆరుసార్లు కడిగాడు, మంట తగ్గలేదు. నిన్న సాయంత్రం దీపం చుట్టూ ఇంద్రధనుస్సు కనిపిస్తే, పండగేమో అనుకున్నాడు. తల ఎడమ పక్క పగిలిపోతోంది. రెండుసార్లు వాంతి అయితే పులిసిన అన్నాన్ని తిట్టుకున్నాడు.

"కారానికి పక్షపాతం ఉండదన్నా," అంది రంగి. "రేగితే రెండు కళ్లలోనూ పడుతుంది. కడిగితే దిగుతుంది. నీకు ఒక్క కంటికే వచ్చింది, కడిగినా పోలేదు. పైగా చూపు తగ్గింది. ఈ క్షణమే కొంగ దగ్గరికి నడు."

"నేను కదిలితే మిగిలిన గుడ్లు?"

వాడికి కన్నుకన్నా కావలే ముఖ్యం. మంచివాళ్లతో ఇదే తంటా. రంగి ఆలోచించి ఒక్కటే చెప్పింది: తల ఉన్న చోట తోక, తోక ఉన్న చోట తల పెట్టి, మళ్లీ పడుకోమంది. తాను గింజల కోసమన్నట్టు కులుకుతూ దూరంగా నడిచింది.

కుక్క ఎటు తిరిగి పడుకుందో చూసుకునేంత ఓపిక నక్కకి లేదు. అలవాటైన దారిలో వచ్చి గంపలో మూతి పెట్టింది. తల ఎత్తితే ఎదురుగా వీరడి కుడి కన్ను, బాగా ఉన్న కన్ను. వాడి ఒక్క మొరుగుకే ఎగిరి, ఎర్రగా ఎండిన మిరపకాయల కుప్పలో తలకిందులుగా పడింది. ఆ అరుపులు విని ఎద్దులు నెమరు ఆపేశాయి.

ఇక గుడ్లకి భయం లేదని ఇద్దరూ వాగు ఒడ్డుకి వెళ్లారు. అక్కడ, పుట్టుకతోనే తెల్లకోటు తొడుక్కున్న కొంగమ్మ దగ్గర పెద్ద వరసే ఉంది. వీరడిని చూడగానే ఆమె అందరినీ పక్కకి జరిపింది. కొన్నాళ్లుగా చూపు మంచు కమ్మినట్టుందంటూ ముందు నిలబడిన ముసలెద్దు గొణిగింది. దానిది శుక్లమని, తీయించుకుంటే పోతుందని, నాలుగు రోజులు ఆగొచ్చని కొంగమ్మ నచ్చజెప్పింది. వెనకనున్న మేకకి పొద్దుటి నుంచి కళ్ల ముందు మెరుపులు, నల్లదోమలు, పక్క నుంచి తెర పడుతున్నట్టు ఉందట. "ఇది ఆగేది కాదు, ముందే చెప్పవేమే పిల్లా?" అని కసిరి, దాన్ని వీరడి వెనకే నిలబెట్టింది.

వీరడి కంట్లో నీటి ఒత్తిడి పెరిగిందట. ఇంకో రోజు ఆగి ఉంటే ఆ కన్ను దక్కేది కాదంది. మందు వేశాక నొప్పి దిగింది, మసక చాలావరకు విడిపోయింది. నరం దెబ్బతిన్న మేరకు మాత్రం చూపు తిరిగి రాదు. నిన్ననే వచ్చి ఉంటే బాగుండేదని కొంగమ్మ అంటే, వీరడు చెవులు వాల్చుకున్నాడు.

సాయంత్రానికి వరస చివర గుంటనక్క నిలబడింది. రెండు కళ్లూ నిప్పుకణికలు, మూతి నిండా మిరప గింజలు. చచ్చిపోతున్నానంది.

కొంగమ్మ నోరు తెరిచేలోపే రంగి అందుకుంది. "నీది కారంలే బావా. కడుక్కో."

కడిగితే పోయేది కారం, కడిగినా పోనిది రోగం.

విన్నారుగా, ఇక లేవండి. ఒక కన్ను అరచేత్తో మూసి ఎదుటి గోడ మీది క్యాలెండరు చదవండి. ఆపై రెండోది. మీ అమ్మ చేత, నాన్న చేత కూడా చదివించండి. తేడా కనిపిస్తే నక్కని సలహా అడక్కండి, ఇవాళే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.