నీలం తేలని బట్ట

అనగనగా, ఉత్తర సముద్రానికి దగ్గరగా, డచ్చి మాట్లాడే ఫ్లాండర్స్ సీమలో గెంట్ అనే నగరం. చుట్టూ కోటగోడ, నడుమ కాలువలు, అన్నిటికన్నా ఎత్తుగా ఒక గంటస్తంభం. నగరమంతా ఉన్నిబట్ట మీదే బతికేది. నేసేవారిది ఒక వీధి, ఉతికేవారిది ఒక వీధి, రంగులద్దేవారిది ఒక వీధి.

ఆ అద్దకపు వీధిలో గోడెలీవ్ అనే వితంతువు ఉండేది. నీలం తప్ప మరో రంగు ముట్టేది కాదు. మన నీలిమందు లాంటి ఆకును తొట్టిలో పులియబెట్టి, అందులో బట్ట ముంచేది. ఆమె చేతులు మోచేతుల దాకా నీలమే. ఎదురింటి నేతగాడు, "ఏమమ్మా గోడెలీవ్, ఆకాశంలో చేతులు కడుక్కుని వచ్చావా?" అని ఆటపట్టించేవాడు. ఆమె నవ్వేది కాదు. అతడు మానేవాడూ కాడు.

తొట్టిలోంచి తీసినప్పుడు బట్ట ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలాకే నీలం తేలుతుంది. అందుకని ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ: బట్ట పైకి తీయగానే, ఇంట్లో అందరికన్నా చిన్నవారు దాని అంచు మీద ఊదాలి. ఆ చిన్నది అలైడిస్, గోడెలీవ్‌కు ఒక్కగానొక్క కూతురు, ఎనిమిదేళ్ళది. ఆ చలికాలం పిల్లకు జ్వరం పట్టుకుని తొమ్మిది రోజులైంది. ఊపిరి పిట్ట ఊపిరిలా అయింది. వైద్యుడు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

అప్పుడు ఒక మధ్యాహ్నం, కాలువ మీంచి పొగమంచు గడప దాకా వచ్చింది. ఆ మంచులోంచి నల్లటి ముసుగు కప్పుకున్న స్త్రీ వచ్చింది. తలుపు తట్టలేదు. చేతిలో తెల్లటి బట్ట. సాయంకాలపు గంట మోగేలోగా నీలం చేసిమ్మని, అంతవరకూ ఇక్కడే కూర్చుంటానని చెప్పింది. ఆమె ముసుగు అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కింద నేల మాత్రం తడవలేదు.

గోడెలీవ్ మొదటిసారి ముంచి తీసింది. బట్ట పచ్చగా వచ్చింది, పచ్చగానే ఉండిపోయింది. రెండోసారి ముంచి ఎక్కువసేపు ఉంచింది. అదే పచ్చన. మూడోసారి ముంచి తీసి, చేతులు లాగేదాకా గాలికి పట్టుకుని నిలబడింది. రంగు మారలేదు.

ఆ తర్వాత, అలవాటు కొద్దీ, ఆలోచించకుండా లోపలికి కేకేసింది. "అలైడిస్, వచ్చి ఊదమ్మా."

తొమ్మిది రోజులుగా లేవని పిల్ల లేచి వచ్చింది. గోడైనా పట్టుకోలేదు. అప్పుడు ముసుగు స్త్రీ మొదటిసారి కదిలింది. బట్టను తీసి పిల్ల ముందు నేల మీద పరిచింది. తల నుంచి పాదాల దాకా అది సరిగ్గా అలైడిస్ అంత ఉంది.

"ఊదు తల్లీ," అంది. "నీ ఊపిరి కోసమే ఇంత దూరం వచ్చాను."

గోడెలీవ్‌కు అప్పుడు అర్థమైంది. నీలి చేత్తో పిల్ల నోరు మూసింది. తానే వంగి, గుండెల్లో ఉన్నదంతా ఆ అంచు మీద ఊదింది. పచ్చన మీద నీలం మెల్లగా పాకి, బట్టంతా నిండింది.

ముసుగు స్త్రీ బట్ట ఎత్తి వాసన చూసింది. "ఇది పిల్లది కాదు," అంది.

"ఊపిరి అడిగావు, ఇచ్చాను. ఇక వెళ్ళు," అంది గోడెలీవ్.

స్తంభం మీద గంట మోగింది. ముసుగు స్త్రీ బట్ట మడిచి చంకలో పెట్టుకుని మంచులోకి నడిచింది. గంట మోత ఆగేసరికి జ్వరం దిగి, పిల్ల ఆకలంది.

గోడెలీవ్ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. పనిచేసింది, తిన్నది, మాట్లాడింది. అయితే, ఆ దేశపు చలిలో మనుషుల నోటి నుంచి తెల్లటి ఆవిరి వస్తుంది. ఆమె నోటి నుంచి మరెన్నడూ రాలేదు. అది కూతురొక్కతే చూసింది. ఎవరితోనూ అనలేదు. చలి రోజుల్లో తల్లితో బజారుకు వెళ్ళేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని, బాగా దగ్గరగా ఆనుకుని నడిచేది. చూసేవారికి ఆ ఆవిరి ఇద్దరిదీ అనిపించేలా, ఇద్దరికీ సరిపడా ఊపిరి వదిలేది.

కథ నడిచె కంచి దాకా,
మంచు జరిగె ఏటి దాకా,
మనమొస్తిమి ఇంటి దాకా,
దుప్పటి లాగు మెడ దాకా.