జంపయ్య నక్క చేసిన పుంజుల పరీక్ష

చింతలకోన అడవిలో కుందేళ్లు, కౌజు పిట్టలు, ముళ్లపందులు, అడవికోళ్లు ఉండేవి. జంపయ్య అనే నక్క కూడా ఉండేవాడు. అతను ఉన్నందువల్ల మిగతావి కాస్త తక్కువగా ఉండేవి.

ఆ ఏడు చుక్కలమ్మ అనే అడవికోడి వెదురుపొద కింద ఆరు పిల్లల్ని చేసింది. మూడో రోజు పొద్దున్నే జంపయ్య వచ్చి పొదకు అడ్డంగా కూర్చున్నాడు.

"భయపడకు చుక్కలమ్మా. పెట్టపిల్లల్ని ముట్టుకోను. అవి పెద్దవై గుడ్లు పెడితే వచ్చే ఏడు నాకే పనికొస్తాయి. పుంజుపిల్లల్ని మాత్రం ఇచ్చెయ్."

"మూడు రోజుల పిల్లల్లో పుంజేదో, పెట్టేదో ఎలా తెలుస్తుంది అన్నా?"

"నాకు తెలుస్తుంది. మా తాతల నాటి విద్య."

ఆ తాతలకు కోడిని తినడం తప్ప వేరే విద్య ఉన్నట్టు అడవిలో ఎవరూ వినలేదు.

జంపయ్య ఒక పిల్లను కాలు పట్టి తలకిందులుగా వేలాడదీశాడు. అది భయంతో బిగుసుకుపోయింది. కింద పెట్టి, "ఇది పెట్ట" అన్నాడు. తర్వాత అన్నిటికన్నా చిన్నదైన బుడ్డి అనే పిల్లను వేలాడదీశాడు. అది గిలగిలా తన్నుకుంది. "ఇది పుంజు" అని దాని మెడ వైపు నోరు తెరిచాడు.

చుక్కలమ్మ గబగబా ముందుకొచ్చింది.

"నీ విద్యను కాదనను అన్నా. ఒకవేళ ఇది పెట్ట అయితే, నీ గుడ్లు నువ్వే పోగొట్టుకున్నట్టు. నెల దాటితే పుంజుల తల మీది తురాయి ఎర్రబడుతుంది. పిల్లలూ నాలుగింతలు అవుతాయి. ఇప్పుడు ఇది నీ పంటి సందుకైనా చాలదు."

జంపయ్య ఆలోచించాడు. అతనికి ఆలోచన ఎప్పుడూ పొట్టలోంచే వచ్చేది. "సరే. వారం వారం వచ్చి చూస్తాను. ఒక్క పిల్ల తగ్గినా నిన్ను తింటాను" అన్నాడు.

అన్నట్టే వారం వారం వచ్చాడు. ఒక్కో పిల్లను నోట కరిచి బరువు చూసేవాడు. ఆ వేడి ఊపిరి తగిలిన రోజు బుడ్డి మేత ముట్టేది కాదు.

"ఎందుకు వదినా వీటిని ఇంతలా మేపుతున్నావు, నక్క కోసమేనా?" అని అడిగింది పక్క గడ్డిలోని కౌజు పిట్ట. ఎదుటివాళ్ల కష్టం కనుక్కోవడానికి దానికి ఎప్పుడూ తీరికే.

"అతను తలలు చూస్తున్నాడు. పొట్టలు చూస్తున్నాడు. చూడనీ" అంది చుక్కలమ్మ.

జంపయ్య అటు వెళ్లగానే ఆమె పిల్లల చేత పడిపోయిన మాను ఎక్కించేది. తర్వాత పుట్ట మీదికి. తర్వాత మద్దిచెట్టు కింది కొమ్మకు. "పడితే మళ్లీ ఎగరండి. ఆయన ముందు మాత్రం రెక్కలు విప్పకండి" అనేది.

ఆరో వారం జంపయ్య తన విద్య చూపించడానికి బంధువులందరినీ వెంటబెట్టుకొచ్చాడు. పిల్లల తలలు చూశాడు. ఆనాడు పెట్ట అన్న పిల్లకు తురాయి ఎర్రగా లేచి ఉంది. పుంజు అన్న బుడ్డి తల పాలిపోయి ఉంది. బంధువుల్లో ఎవరో దగ్గారు.

జంపయ్య కళ్లు ఎర్రబడ్డాయి. "ఇక పరీక్షలు చాలు. ఆరింటినీ తింటాను" అని వంగాడు.

చుక్కలమ్మ ఒక్కసారి కొక్కొక్కుమంది. ఐదు పిల్లలు రెక్కలు విప్పి మద్దికొమ్మ మీద వాలాయి. బుడ్డి భయంతో నేలకు అతుక్కుపోయింది. నక్క పళ్లు దాని తోకకు తగిలాయి. అప్పుడు అది ఎగిరింది, వెనకే తల్లీ ఎగిరింది. జంపయ్య నోట్లో రెండు ఈకలు మిగిలాయి.

అతను పైకి దూకి గచ్చపొదలో పడ్డాడు. ఒళ్లంతా ముళ్లు. కాలు విరిగింది. బంధువులు సాయానికి ఆగలేదు. ఈ సంగతి వాళ్లు చాలామందికి చెప్పాలి కదా. ఆ కుంటికాలుతో అతను మళ్లీ ఏ కోడినీ పట్టలేకపోయాడు.

సాయంత్రం దాకా బుడ్డి వణుకుతూనే ఉంది. చుక్కలమ్మ దాన్ని రెక్క కిందికి లాక్కుంది. అది అందులో ఇమడలేదు. అప్పుడు తెలిసింది ఆ తల్లికి, పిల్ల ఎంత ఎదిగిందో.

నీతి: ఆకలితో కొలిచేవాడికి ఎదుటివారి ఎదుగుదల సగమే కనిపిస్తుంది.