గిన్నెల చప్పుడయ్యాకే విస్తరి

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే చిన్నా చితకా ఊరు కాదర్రా, మహాపట్నం! ఈ చివర వేసిన అట్టు ఆ చివరికి పట్టుకెళ్ళేసరికి చల్లారిపోయేటంత పట్నం. దానికో రాజు. రాజుకో తల్లి, నాంచారమ్మ. పాపం, ఆవిడకి కళ్ళు కనబడవు. రాజుకో పెళ్ళాం, అలివేలు. మహా గడుసుది, నా అంత అనుకోండి.

ఆ నాంచారమ్మకో నియమం. ఊరంతా తిన్నాకే తను తినాలి. మరి ఎలా తెలుస్తుందీ? చెవులున్నాయిగా! మేడమీద వసారాలో కూర్చుని వింటుంది. రోకళ్ళు దబదబ, తిరగళ్ళు గరగర, పోపులు చుయ్యి చుయ్యి, చల్లమ్మే ఆవిడ కేక, పిల్లల పేచీలు, ఆఖరికి వీధి వీధినా గిన్నెలు తోమే చప్పుడు. గిన్నెలు తోముతున్నారంటే తిన్నట్టేగా! అప్పుడు అలివేలుని పిలిచి విస్తరి వెయ్యమనేది. ఊఁ అనరేం? అప్పుడే కునుకా?

ఇలా ఉండగా రాజుకి తల్లిమీద ప్రేమ పొంగుకొచ్చింది. ముసలిప్రాణం, ఈ రొదలో ఎలా వేగుతోందో అనుకున్నాడు. నోరు తెరిచి అడగొచ్చుగా? అడగడు! చప్పుడు చేస్తే కొరడా దెబ్బలేనని దండోరా వేయించాడు. మర్నాటినుంచి రోకలి మూలకి, పోపుమీద మూత, పిల్లల నోటికి చెయ్యి. గిన్నెలు తడిగుడ్డతో తుడుచుకోవడమే.

మధ్యాహ్నమైంది. నాంచారమ్మ చెవులు రిక్కించింది. రోకలి లేదు, తిరగలి లేదు, పోపు లేదు, గిన్నె లేదు. అయ్యో, నా ఊరికి కరువొచ్చిందే అనుకుని విస్తరి తోసేసింది. చప్పుడు నేనే మాన్పించానమ్మా అని రాజు ఒట్టేశాడు. నా చేత తినిపించడానికి కల్పిస్తున్నావురా అని ఆవిడ నమ్మలేదు. ఆ చప్పుళ్ళు రానివ్వండి మహాప్రభో అంది అలివేలు. చప్పుడు లేకపోతే ఆకలి చచ్చిపోతుందా అని రాజు వైద్యుల్ని పిలిపించాడు. కషాయాలన్నీ అయ్యాయి. మూడోరోజుకి ముసలావిడ మంచానికి అతుక్కుపోయింది.

ఇంక అలివేలు ఊరుకుంటుందా? మొగుడి ఉత్తరీయం లాగి ఆయన కళ్ళకే గట్టిగా కట్టింది. తల్లి పక్కన కూర్చోబెట్టి, ఊళ్ళో ఏం జరుగుతోందో చెప్పమంది. రాజు విన్నాడు. ఏమీ లేదు. ఇంకాసేపు విన్నాడు. ఏమీ లేదు. జనమంతా ఏమైపోయారోనని హడలిపోయాడు. తడుముకుంటూ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఎముకలే తగిలాయి.

"నీకూ వినబడటంలేదా, నాయనా?" అంది ఆవిడ.

అంతే, అంత రాజూ బావురుమన్నాడు. గంతలు పీకేసుకుని మేడమీంచి అరిచాడు, "దంచండర్రా! విసరండర్రా! తోమండర్రా!"

ఇంక చూస్కోండి! రోకలి విని తిరగలి గరగరమంది, తిరగలి విని పోపు చుయ్యిమంది, పోపు విని పిల్లాడు ఆకలన్నాడు, పిల్లాణ్ణి విని వాళ్ళమ్మ కంచం పెట్టింది. కాసేపటికి పట్నమంతా గిన్నెలు ఖంగుఖంగుమన్నాయి. నాంచారమ్మ కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే లేచి కూర్చుంది.

"తిన్నార్రా నా బిడ్డలు! అలివేలూ, పప్పులో ఇంకాస్త నెయ్యి వెయ్యవే."

చూశారా, ఊరు సద్దు చేస్తోందంటే నలుగురూ నాలుగు మెతుకులు తింటున్నారన్నమాట. అమ్మకేం కావాలో అమ్మనే అడగాలన్నమాట. కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం.