పద్యం పాడుతుంటే లేవనివారు

అచ్చియ్యమ్మగారు అడిగిన ప్రశ్నకి అక్కడికక్కడ జవాబు చెప్పే మనిషి కాదు. మా లంక గ్రామాల్లో తత్వాలు నేర్పే గురువు ఆవిడ. శిష్యుడు సందేహంతో వస్తే ముందు మజ్జిగ పోసేవారు, తర్వాత ఏదో ఒక పని పురమాయించేవారు. వాదనంటే ఆవిడకి పడదు. వాదించి గెలిచినవాడు ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతాడు తప్ప మారడు అనేవారు.

ఒకనాడు తాతబ్బాయి అనే శిష్యుడు మండిపడుతూ వచ్చాడు. అతను ఊరికి కొత్తగా సర్పంచ్ అయ్యాడు. పంచాయతీ సమావేశానికి ముందు కొబ్బరికాయ కొట్టి, అందరినీ నిలబెట్టి, ఆవిడ దగ్గర నేర్చుకున్న వినాయకుడి పద్యం పాడడం అతను పెట్టిన ఆచారం. ఊరి చివరి పేట తరఫు వార్డు మెంబరు దీనమ్మ మాత్రం లేవదు. లేవకపోగా, ఊరందరి పంచాయతీలో ఒక మతం ప్రార్థన ఏమిటని మండలాఫీసులో అర్జీ పెట్టింది.

"రెండు నిమిషాలండి అమ్మగారూ! రెండు నిమిషాలు నిలబడితే ఆమె కాళ్ళు అరిగిపోతాయాండి? మీరు నేర్పిన పద్యానికి ఇంత అవమానమా! నన్నేం చెయ్యమంటారో చెప్పండి."

"వాళ్ళ పేటకి మంచినీళ్ళ గొట్టం వేయించావా?" అని అడిగారావిడ.

తాతబ్బాయి తల గోక్కున్నాడు. ఆ సంగతి ప్రతి సమావేశంలోనూ చివరికి జారిపోతుంది. చివరికొచ్చేసరికి టైము చాలదు. ఎందుకు జారిపోతోందో అతనికీ తెలుసు, ఊరికీ తెలుసు. పేట ఆడవాళ్ళు మాత్రం ఉప్పునీటి బోరు దగ్గరే బిందెలు నింపుకుంటున్నారు. ఆ నీళ్ళలో పప్పు కూడా ఉడకదు.

"ఈసారి మీటింగుకి నేనూ వస్తాను," అన్నారు అచ్చియ్యమ్మగారు.

తాతబ్బాయి పొంగిపోయాడు. తన కుర్చీ పక్కనే ఆవిడకో కుర్చీ వేయించి, దాని మీద కొత్త తువ్వాలు పరిపించాడు. ఆవిడ తిన్నగా వెనక్కి వెళ్ళి దీనమ్మ పక్కన కూర్చున్నారు. కాయ కొట్టారు. "అందరూ లేవండి," అన్నాడు తాతబ్బాయి. అందరూ లేచారు. దీనమ్మ లేవలేదు. అచ్చియ్యమ్మగారూ లేవలేదు.

పద్యం మొదటి పాదంలోనే తాతబ్బాయి గొంతు తడబడింది. "మోకాళ్ళ నొప్పులేమోనండి," అని గొణిగాడు ఉపసర్పంచ్ అబ్బులు.

"నా మోకాళ్ళకేం? రాళ్ళలా ఉన్నాయి."

"అయితే ఇవాళ ఏకాదశి కదండీ, కూర్చునే వినాలేమో," అని అబ్బులు కూర్చున్నాడు. అబ్బులుకి తెలిసే ఉంటుందని పక్కవాడు కూర్చున్నాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ భక్తిగా కూలబడ్డారు. ఇన్నాళ్ళూ దీనమ్మ కూర్చున్నప్పుడు మాత్రం ఈ మహానుభావుల్లో ఒక్కడికీ ఏకాదశి గుర్తు రాలేదు!

దీనమ్మకి వేరే భయం పట్టుకుంది. పెద్దావిడకి ఎండ దెబ్బ తగిలిందేమోనని గబగబా లేచి, కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చింది. అలా ఆ పూట పద్యం పూర్తయ్యేసరికి హాల్లో నిలబడి ఉన్నది ఇద్దరే. ఒకరు పాడుతున్న సర్పంచ్, రెండోవారు గ్లాసు పట్టుకున్న దీనమ్మ.

తాతబ్బాయి పరుగున వచ్చి గురువుగారి ముందు నడుం వంచాడు. గొంతు వెన్నలా ఉంది. "నా వల్ల తప్పేమన్నా జరిగిందాండి? మీరెందుకు లేవలేదండి అమ్మగారూ?"

ఆవిడ నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు. "నన్ను బాగానే అడిగావు. ఈవిణ్ణి ఎప్పుడైనా ఇలా అడిగావా? అడుగు."

తాతబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. అబ్బులు వైపు చూశాడు. అబ్బులు పైన ఫ్యాను వైపు చూశాడు. చివరికి, వంచిన నడుం ఎత్తకుండానే, అటు తిరిగాడు.

"ఎందుకు లేవవు దీనమ్మా?"

దీనమ్మ ఈ ప్రశ్న కోసం ఎంతకాలంగా ఎదురుచూసిందో! కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నా ప్రార్థన నేను ఇంటికాడ చేసుకునే వస్తానండి సర్పంచ్ గారూ. మీ దేవుడి మీద నాకేం కోపమండి? ఇక్కడికి నేను పేట కోసం వస్తాను. మీ పద్యానికి లేస్తేనే నీళ్ళిస్తామంటే, ఆ నీళ్ళు మాలో ఎవరి గొంతు దిగుతాయండి?"

తాతబ్బాయి గురువుగారి మొహంలోకి చూశాడు. ఆవిడ చెయ్యి చాచి, చిన్నపిల్లాడికి చేసినట్టు, అతని చొక్కా కాలరు సరిచేశారు.

"నేను లేవనిదీ అందుకే నాయనా," అన్నారు. "ఇక సమావేశం మొదలుపెట్టు."