జానెడు ఎత్తు రింగు, ఆబేలు మాస్టారి బూట్లు

గుండ్లమడుగులో బస్సు దిగి డిగ్రీ కాలేజీ ఎక్కడని అడిగితే ఎవరైనా చెయ్యి చాపి చూపిస్తారు. కాలేజీలో పెద్దరింగు ఎక్కడని అడిగితే మాత్రం చెప్పి ఊరుకోరు, చేతిలో పని వదిలి వెంట వస్తారు. కెమిస్ట్రీ ల్యాబు వెనక, ఆ మందుల ఘాటు దాటగానే, ఒక బాస్కెట్‌బాల్ మైదానం కనిపిస్తుంది. దానికి తూర్పున ఒక రింగు, పడమర ఒక రింగు. తూర్పుది లోకంలో అన్ని రింగుల్లాగే నేల నుంచి పది అడుగులుంటుంది. పడమటిది అంతకు జానెడు ఎక్కువ. దాన్నే పెద్దరింగు అంటారు. దాని స్తంభం మొదట్లో చిన్న సిమెంటు గద్దె మీద ఒక జత తెల్లని కాన్వాసు బూట్లు, వాటి పక్కన గాలి దిగిపోయిన పాత బంతి ఒకటి ఉంటాయి. వచ్చినవారు ముందుగా వాటిని దర్శించుకొని, చెప్పులు గీత బయట విడిచి, వట్టి కాళ్లతో మైదానంలో అడుగు పెట్టాలి.

ఇక్కడి ఆచారం ఒక్కటే. ఫ్రీ త్రో గీత మీద నిలబడి పెద్దరింగులోకి బంతి వేయాలి. పడేదాకా వేయాలి. పడకుండా మైదానం వదలకూడదు. "ఏదో ఒకసారి వేశాం లెండి, బస్సు టైమైంది" అనేవారు దయచేసి మరో రోజు తీరిగ్గా రండి.

ఈ మధ్య మైదానం బాగుచేయడానికి ప్రభుత్వం తరఫున ఒక ఇంజనీరుగారు వచ్చారు. టేపు వేసి కొలిచి, "ఇదేమిటండీ, జానెడు తేడా ఉంది! ఇన్నాళ్లూ మీరెవరూ చూసుకోలేదా?" అన్నారు. చూసుకోకపోవడమేమిటి నాయనా! మా వయసంతా చూసుకుంటూనే ఉన్నాం. ఆ జానెడు వెనక ఉన్న కథ చెప్పడానికే ఈ చిన్న పుస్తకం. రాస్తున్న నేను ఆనాటి జట్టులోని వాణ్నే. ఆడినదానికంటే పక్కన బల్ల మీద కూర్చున్నదే ఎక్కువ, కాబట్టి అందరికంటే బాగా చూసినవాణ్ని కూడా నేనే.

పూర్వం ఇక్కడ మైదానమే లేదు. జిల్లేడు, నాగజెముడు, వాటి మధ్య నాలుగు తుమ్మచెట్లు, ఎండలో పాములు. పగలు కూడా ఎవరూ ఇటు వచ్చేవారు కాదు. అటువంటి కాలంలో తాడి ఆబేలు అనే వ్యాయామోపాధ్యాయుడు మద్రాసులో చదువు ముగించుకొని ఈ కాలేజీలో చేరారు. బక్కపలచని మనిషి, మెడలో విజిల్, కాళ్లకు కాన్వాసు బూట్లు. రోజూ పొద్దున్నే సుద్దముక్క తడిపి ఆ బూట్లకు పూస్తే గానీ గుమ్మం దాటేవారు కాదు. ఉద్యోగం తాత్కాలికం. ఏడాదికోసారి ప్రిన్సిపాలుగారు సరేనంటేనే మరో ఏడాది. ఆయన వచ్చీరాగానే బాస్కెట్‌బాల్‌కు చోటు కావాలని అడిగారు. ప్రిన్సిపాలు పరాంకుశంగారు కిటికీలోంచి ఈ ముళ్లపొదలు చూపించి, "కొట్టుకోగలిగితే మీవే" అన్నారు. వెటకారంగా అన్న మాట అది. మాస్టారు ఆ సాయంత్రమే గొడ్డలి పట్టుకొచ్చారు.

ఇతర క్షేత్రాల్లో పశువుల కాపరి దేవుణ్ని కనుగొన్నాడని చెబుతారు. మా క్షేత్రంలో కాపరినే కనుగొన్నారు. మస్తాన్‌వలి అని బీఏ మొదటి సంవత్సరం కుర్రవాడు క్లాసులవగానే ఇంటి మేకలను ఈ తుమ్మల కిందికి తోలుకొచ్చేవాడు. మేకలకు తుమ్మకాయలంటే ప్రాణం. వాటిని రాల్చడానికి అతను రాయిని కాయల కేసి విసరడు, ఆకాశంలోకి విసురుతాడు. అది పైకంటా పోయి, తీరిగ్గా దిగి, గుత్తి మీద పడుతుంది. మాస్టారు గొడ్డలి ఆపి నోరు తెరుచుకొని చూశారు.

"అబ్బాయ్, రాయి అట్లా వేస్తావేం?"

"సూటిగా ఏస్తే ముల్లుకొమ్మ అడ్డమొస్తది సార్. పైకేస్తే అదే దిగొచ్చి కాయ మీద పడతది."

మాస్టారు సంచిలోంచి బంతి తీసి అతని చేతిలో పెట్టి, "దీన్ని కూడా అట్లాగే వెయ్యి" అన్నారు. మా జట్టు పుట్టింది అప్పుడే.

మిల్లువాళ్లు పారేసిన ఇనుప గొట్టంతో ఒక స్తంభం పాతారు. ఊరి కమ్మరి ఒక రింగు చేసిచ్చాడు. అప్పటికి ఈ పడమటి రింగు ఒక్కటే. కంకర పరిచి గచ్చు పోస్తే నేల జానెడు పైకి లేస్తుంది కదా అని మాస్టారు ముందుచూపుతో రింగును జానెడు పైకి బిగించారు. ముందుచూపు మంచిదే. కానీ మన దగ్గర కంకర ఒకచోటికని బయలుదేరి ఇంకోచోట దిగుతుంది. మంత్రిగారు కాలేజీకి వస్తున్నారని, మైదానానికని తెచ్చిన కంకరంతా గేటు ముందు రోడ్డు గుంతల్లోకి పోయింది. మంత్రిగారు రానూ లేదు. మేం దిమ్మిసలతో మట్టినే గట్టిపరిచి ఆట మొదలుపెట్టాం. రింగు మాత్రం రాని కంకర కోసం జానెడు పైనే ఉండిపోయింది. ఆటలో పడి ఆ సంగతి మాస్టారితో సహా అందరూ మరిచిపోయారు.

మరుసటి ఏడు మొదటిసారి అంతర కళాశాలల పోటీకి వెళ్లాం. సముద్రపు ఒడ్డున పెద్ద కాలేజీ, నున్నటి గచ్చు, మెరిసే రింగులు. మేం వేసిన ప్రతి బంతీ రింగు దాటి బోర్డుకు తగిలి తిరిగి మా మొహానే వచ్చింది. మస్తాన్‌వలి వేసినవైతే కొన్ని బోర్డు మీదుగా అవతల పడ్డాయి. అతను మేకలు కాస్తాడని ఎవరో చెప్పారు కాబోలు, జనం "మే... మే..." అని అరవడం మొదలుపెట్టారు. చిత్తుగా ఓడిపోయాం. తలెత్తుకోలేకపోయాం. రైల్లో వచ్చేటప్పుడు ఎవరి టిఫిను పొట్లం వారి ఒళ్లోనే ఉండిపోయింది.

పరాంకుశంగారు మాస్టారిని పిలిపించారు. "గెలవని ఆటకు అంత నేల ఎందుకండీ? పిల్లల సైకిళ్లు ఎండలో మాడిపోతున్నాయి. వచ్చే ఏడు కప్పు తెస్తే సరి. లేకపోతే అక్కడ సైకిల్ స్టాండు వేయిస్తాను" అన్నారు. మైదానం పోతే వ్యాయామోపాధ్యాయుడు దేనికి? అంటే మాస్టారు కూడా పెట్టె సర్దుకోవలసిందే. ఆ మాట ఆయన అనలేదు, అనాల్సిన పనీ లేదు.

ఆ రాత్రి మాస్టారికి కలలో ఆదేశం వచ్చిందని ఊళ్లో కొందరు చెబుతారు. శుద్ధ అబద్ధం. ఆ రాత్రి ఆయన కన్ను మూస్తే కదా కల రావడానికి! సముద్రపు ఒడ్డు కాలేజీలో ఆయన రింగు ఎత్తు కొలిచి వచ్చారు. తెల్లవారగానే మన రింగు కొలిస్తే సంగతి తేలింది. మేం వెళ్లేసరికి ఆయన నిచ్చెన వేసి పానాతో బోల్టులు విప్పుతున్నారు. "తప్పు నాదిరా. మీచేత లేని ఎత్తుకు ఆడించాను. దించేస్తున్నాను" అన్నారు.  

మస్తాన్‌వలి వెళ్లి నిచ్చెన పట్టుకున్నాడు. "దించబాకండి సార్."

"పిచ్చివాడా, అక్కడ పది అడుగులేరా."

"అయితే ఏంది సార్? పైనున్నదాన్ని కొట్టినోడు కిందున్నదాన్ని కొట్టలేడా? మనకు చెయ్యి లేక ఓడలేదు, తెలవక ఓడినాం. తూర్పున సరైన ఎత్తులో ఇంకోటి కట్టండి. పెద్దదాని మీద చెయ్యి తిప్పుకుంటాం, చిన్నదాని మీద గురి చూసుకుంటాం. నేను మళ్లీ ఓడితే నా మేకల మీదొట్టు, బంతి ముట్టను."

 మాస్టారు విప్పిన బోల్టులే మళ్లీ బిగించి కిందికి దిగారు. విజిల్ ఊది మమ్మల్ని వరసలో నిలబెట్టి, ఈ క్షేత్రానికి ధర్మశాస్త్రమైన ఆ మాట అన్నారు. "ఈ రోజు నుంచి ఆఖరి బంతి పెద్దరింగులో పడకుండా ఎవడూ మైదానం వదిలి పోవడానికి వీల్లేదు. నేనైనా సరే."

మునులు గాలి తిని తపస్సు చేశారంటారు. మేం ఆ ఏడాదంతా తిట్లు తిని చేశాం. భుజాలు పడిపోయేవి, వేళ్ల సందులు చిట్లేవి. చీకటి పడుతున్నా ఎవడో ఒకడి బంతి పడేది కాదు, మిగతావాళ్లం వాణ్ని వదిలి వెళ్లలేక ఆకలితో వాణ్ని బూతులు తిడుతూ కూర్చునేవాళ్లం. మాస్టారు మాత్రం స్తంభం పక్కన కదలకుండా నిలబడేవారు. వానొచ్చినా, జ్వరమొచ్చినా అక్కడే.

మళ్లీ పోటీ వచ్చింది. అదే కాలేజీ, అదే జనం, ఫైనల్లో వాళ్లే. ఆట అయిపోవస్తుండగా ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. మస్తాన్‌వలిని ఎవరో తోసేశారు, రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు. అతను గీత మీద నిలబడగానే గ్యాలరీ మొత్తం "మే..." అని ఒక్క గొంతుతో లేచింది. మొదటి బంతి పడింది. సమానమయ్యాం. జనం ఇంకా గట్టిగా అరిచారు. మాస్టారు కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. రెండో బంతిని అతను తుమ్మకాయకు రాయి వేసినట్టే వేశాడు. అది ఎంత పైకి పోయిందంటే, రిఫరీ తల వెనక్కి వాల్చి చెయ్యి అడ్డం పెట్టుకొని చూశాడు. తర్వాత తీరిగ్గా దిగొచ్చింది. ఇనుముకు తగల్లేదు, వల మాత్రం కదిలింది. గ్యాలరీలో మేకలన్నీ మూగబోయాయి.

మా రైలు దిగేసరికి స్టేషన్లో మేళం ఉంది. పరాంకుశంగారు స్వయంగా వచ్చి మాస్టారి మెడలో దండ వేసి, "సైకిళ్లకేం లెండి, చెట్టుకింద పెట్టుకుంటారు" అన్నారు. మాస్టారి ఉద్యోగం ఆ నెలలోనే ఖాయమైంది.

ఆ తర్వాత వరసగా మూడేళ్లు కప్పు మా కాలేజీని వదల్లేదు. అబ్బ, ఏం రోజులవి! మాకు ఆట ఉన్న సాయంత్రం బజార్లో సగం కొట్లు మూసేసేవారు. ఊళ్లో పాత సైకిల్ రిమ్ము ఒక్కటి కూడా పాత ఇనుము కొట్టుకు పోలేదు, ప్రతి వీధిలో ఏదో ఒక గోడకు మేకుతో వేలాడేది. దాన్ని కూడా లెక్కకు జానెడు పైకే కొట్టేవారు. చదువు ముగిశాక కూడా హోటల్లో మా బల్ల మీద అడక్కుండానే రెండో దోసె వచ్చేది. ఆడినవాళ్లకే కాదు, బల్ల మీద కూర్చున్న నాకు కూడా వచ్చేది. 

ఓడలు బళ్లవుతాయి. ఇంకో కాలేజీ మమ్మల్ని ఓడించింది, ఆ తర్వాత ఇంకొకటి. పిల్లలు ఆట మాని కోచింగులకు పోయారు. మైదానం చుట్టూ మోటారు సైకిళ్లు మూగాయి. అయినా మాస్టారు రోజూ సాయంత్రం బూట్లకు సుద్ద పూసుకొని వచ్చేవారు. ఇద్దరొచ్చినా ఇద్దరిచేతా ఆఖరి బంతి వేయించేవారు. రింగును ఎవరూ దించలేదు.

ఆయన రిటైరైన రోజున మేమంతా వచ్చాం. మస్తాన్‌వలి అప్పటికి ఆర్టీసీ కండక్టరు, సెలవు పెట్టి వచ్చాడు. సన్మానాలయ్యాక మాస్టారు ఆ పట్టు శాలువాతోనే మైదానంలోకి నడిచారు. "అందరిచేతా వేయించాను, నేనూ వేసి వెళ్లాలి కదా" అని బంతి అందుకున్నారు. రింగుకు తగిలి పక్కకు పోయింది. మళ్లీ వేశారు. మళ్లీ పోయింది. వేస్తూనే ఉన్నారు. శాలువా తీసి మాకిచ్చారు, చొక్కా తడిసిపోయింది, చెయ్యి లేవడం లేదు. చూడలేక మస్తాన్‌వలి నిచ్చెన తెచ్చాడు. "సార్, ఈ ఒక్కపూటకు జానెడు దించుతాను."

"దించొద్దన్నది నువ్వే కదరా" అన్నారు మాస్టారు.

అతను నిచ్చెన పట్టుకొని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మాస్టారు బంతిని స్తంభం మొదట్లో పెట్టారు. నిదానంగా వంగి బూట్లు విప్పి దాని పక్కనే జతగా సర్దారు. "ఏడవకురా. బంతి పడలేదు. రూలు రూలే. కాబట్టి నేను వెళ్లినట్టు కాదు" అని, వట్టి కాళ్లతో గేటు వైపు నడిచారు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ బూట్లే ఇప్పుడు మీరు దర్శించుకుంటున్నవి. ఏటా కొత్త జట్టు మొదటి రోజున సుద్దముక్క తడిపి వాటికి పూస్తుంది. ఇప్పుడు ఆడపిల్లల జట్టు కూడా ఉంది, వాళ్ల కెప్టెన్ ప్రసన్నలత ఈసారి జిల్లా కప్పు తెస్తానని బూట్ల మీద చెయ్యి వేసి చెప్పింది. తెస్తుంది. ఆ పిల్ల బంతి వేసే తీరు నేను చూశాను.

ఇంజనీరుగారి సంగతి కూడా చెప్పాలి. "ఒక్క బంతి వేయండి సార్, పడగానే మీ ఇష్టం" అని ప్రసన్నలత ఆయన చేతికి బంతి ఇచ్చింది. ఆయన టేపు జేబులో పెట్టుకొని మొదలుపెట్టారు. పొద్దు వాలుతుండగా పడింది. పడగానే ఆయన గంతు వేసి కేక పెట్టారు. ఆ తర్వాత నేల ఎత్తు పెరగకుండా తవ్వించి గచ్చు పోయించారు, తూర్పు రింగు, గీతలు కొత్తవి వేయించారు. పడమటి స్తంభానికి మాత్రం రంగు వేయించి ఊరుకున్నారు.

ఇక్కడ బంతి వేసినవారికి పరీక్షలు పాసవుతాయనీ పెళ్లిళ్లు కుదురుతాయనీ మేం చెప్పం. లోకంలో మిగతా రింగులు కొంచెం కిందికి కనిపిస్తాయి, అంతే ఫలం. అది చాలనుకునేవారు రండి.

కొన్నేళ్ల కిందట ఆబేలు మాస్టారు ప్రభువు సన్నిధికి చేరారని పత్రికలో వేశారు. ఈ క్షేత్రం ఆ మాట ఒప్పుకోదు. కొందరు భక్తులు మంచి మనసుతో, ఆయన బంతిని ఆయన తరఫున మేం వేస్తామని గద్దె మీది పాత బంతి కేసి చెయ్యి చాపుతుంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. రోజూ సాయంత్రం ఆ గద్దె పక్కన ఒక పెద్దమనిషి కుర్చీ వేసుకొని కూర్చుంటాడు. ఆయనే మస్తాన్‌వలి. చెయ్యి చాపిన ప్రతివారికీ ఆయన చెప్పేది ఒకటే.

"మీ బంతి మీరేసుకోండి నాయనా, పడినాక పోయిరండి. దాన్ని మాత్రం ముట్టబాకండి. పొరపాటున అది పడిందంటే మా సార్ ఎళ్లిపోవాల."