సగం విన్న ఎలుగుబంటి

అనగనగా ఒక అడవిలో మోదుగలు పూశాయంటే చాలు, జంతువులన్నింటికీ ఒళ్ళు దురద పెట్టేది. అది బిళ్ళంగోడు ఆడే కాలం.

ఆ ఆట మీలో కొందరికి తెలియకపోవచ్చు. నేల మీద చిన్న గాడి తీస్తారు. దాని మీద జానెడు కూడా లేని కర్రముక్కను పెడతారు. అదే బిళ్ళ. పెద్ద కర్రతో దాన్ని గాల్లోకి లేపి గట్టిగా ఒక్కటిస్తారు. అది నేల మీద పడకముందే అవతలి జట్టువాళ్ళు పట్టుకుంటే కొట్టినవాడు ఔట్. పట్టుకోలేకపోతే ఎంత దూరం పడితే అంత లాభం. నాకీ ఆట బాగా తెలుసు. చిన్నప్పుడు మా జట్టులో నాకొక ముఖ్యమైన చోటుండేది. అందరి చొక్కాలూ నా ఒళ్ళోనే ఉండేవి.

సరే, అడవికి వద్దాం. వాగుకి ఇవతల ఒక జట్టు, అవతల ఒక జట్టు. ఏటా మోదుగపూలు రాలేలోపు రెండూ పోటీ పడేవి. ఇవతలి జట్టుకి పెద్ద భల్లన్న అనే ఎలుగుబంటి. అవతలి జట్టుకి పెద్ద ఒక ముంగిస. మనిషి పిడికెడు, మాటలు గంపెడు. పోయినేడు గెలిచి వాగు దాటి వెళ్తూ వెనక్కి తిరిగింది.

"బావా, వచ్చే ఏడు మీరు ఆడడానికి రాకపోయినా ఫరవాలేదు. ఓడిపోయామని కబురంపండి, చాలు" అంది.

ఆ మాట భల్లన్న కడుపులో ఏడాదంతా మండుతూనే ఉంది. అందుకే ఈసారి ఆటలు మొదలవకముందే జట్టులో ఎవరి సత్తా ఎంతో తేల్చుకోవాలనుకున్నాడు. ఒక పొద్దున అందరినీ బండ దగ్గరికి పిలిచాడు.

"ఒక్కొక్కరే రండి. మీ బలమేమిటో చెప్పండి, మీ లోపమేమిటో చెప్పండి. ఏదీ దాచకండి. అన్నీ తెలిస్తేగాని జట్టు కట్టలేను" అన్నాడు.

మొదట వచ్చింది జాజి అనే కుందేలు. బిళ్ళ పట్టడంలో ఆ అడవి మొత్తంలో జాజిని మించినవాళ్ళు లేరు.

"నా బలం పరుగు, అన్నా. బిళ్ళ ఎక్కడ పడుతుందో నా కాళ్ళకి ముందే తెలుస్తుంది" అంది జాజి.

"అది నాకూ తెలుసమ్మా. మరి లోపం?"

జాజి ఒకసారి పక్కకి చూసింది. చూడ్డానికి వచ్చినవాళ్ళలో తన చిన్నకూతురు చిక్కుడు ఉంది. తల్లినే చూస్తోంది. జాజి దాచకుండా చెప్పింది.

"పోయిన వేసవిలో కార్చిచ్చు వచ్చింది కదా. పిల్లల్ని పొదలోంచి లాగుతుంటే మండుతున్న కొమ్మ నా మీద పడింది. అప్పట్నుంచి నా ఎడమ చెవి వినపడదన్నా. అందుకని నన్ను..."

"అయ్యో తల్లీ" అన్నాడు భల్లన్న. నిజంగానే బాధపడ్డాడు. కాకపోతే బాధపడుతూనే లెక్క కూడా వేసుకున్నాడు. బిళ్ళ పైకి లేచినప్పుడు పట్టబోయేవాళ్ళు 'నాదీ' అని అరవాలి. ఆ కేక వినపడకపోతే ఇద్దరూ ఒకే బిళ్ళకి పరుగెత్తి నుదురూ నుదురూ కొట్టుకుంటారు. "పక్కవాళ్ళ కేక వినపడనిదాన్ని నిన్నెలా ఆడించను? ఈ ఏడు నువ్వు కూర్చో. పిల్లలకి ఆట చూపించు."

జాజి ఇంకేదో చెప్పబోయింది. అప్పటికే భల్లన్న "తరవాతెవరు?" అన్నాడు.

తరవాత నిలబడ్డవాళ్ళు ముగ్గురు. జాజి తల వంచుకుని వెళ్ళి చూసేవాళ్ళ మధ్య కూర్చోవడం ముగ్గురూ చూశారు.

అడవిపంది వచ్చింది. "నా విసురు చూశారు కదా. ఇక లోపమంటారా? నాకు అలసటంటే ఏమిటో తెలియదన్నా. అదే నా లోపం."

నెమలి వచ్చింది. "నేను ఆడుతుంటే చూసేవాళ్ళు ఆటను మర్చిపోతారు. ఇంత అందం ఆటకి మంచిది కాదని నాకూ అనిపిస్తూ ఉంటుంది."

కొండముచ్చు వచ్చింది. "నా పట్టుకి తిరుగులేదు. లోపమంటే... నాకు వినయం మరీ ఎక్కువన్నా. ఎంత తగ్గిద్దామన్నా తగ్గడం లేదు."

ఇలాంటి లోపాలు నాకూ చాలా ఉన్నాయి. మా ఇంట్లోవాళ్ళే నమ్మరు.

భల్లన్న మాత్రం నమ్మాడు. "మన జట్టులో ఇంక లోపమన్నదే లేదు" అని పొంగిపోయాడు. జాజి చోట్లో ఉడుముని తీసుకున్నాడు. ఉడుము పడితే వదలదు కదా అని. అది నిజమే, వదలదు. పట్టే చోటికి వెళ్ళడం దగ్గరే దాని ఇబ్బందంతా.

ఆ సాయంత్రం జాజి గరిక తెచ్చి పిల్లలకి పెట్టింది. చిక్కుడు తినకుండా కూర్చుంది.

"అమ్మా, నీ చెవి సంగతి ఎందుకు చెప్పావు?"

"అడిగారు కాబట్టి చెప్పానమ్మా."

"పంది మామనీ అడిగారుగా. ఆయన చెప్పలేదు. ఆయన ఆడతాడు." చిక్కుడు కాసేపు నేల గీకింది. "అయితే నా సంగతి కూడా నేనెవరికీ చెప్పను."

"నీ సంగతా? ఏమిటది?"

"ఏం లేదు" అని చిక్కుడు అటు తిరిగి పడుకుంది.

ఆటలో చోటు పోయినందుకు జాజి బాధపడింది, నిజమే. కానీ ఆ 'ఏం లేదు' అనే మాట అంతకన్నా లోతుగా గుచ్చుకుంది.

అసలు పోటీకి ముందు ఒక ఉత్తుత్తి ఆట ఆడడం రెండు జట్లకీ అలవాటు. ఆ రోజు రానే వచ్చింది. ముంగిస కర్ర పట్టుకుంది.

మొదటి బిళ్ళ నిట్టనిలువుగా పైకి లేచి అడవిపంది మీదికే వచ్చింది. పంది 'నాదీ' అని అరిచింది. అరిచి, బిళ్ళ కోసం నేలంతా వెతకసాగింది. చుట్టూ తిరిగింది. పొద కింద చూసింది. బిళ్ళ వచ్చి దాని వీపు మీద టప్పున పడింది.

"శెభాష్, పట్టేసింది" అని చప్పట్లు కొట్టాడు భల్లన్న. అందరూ ఆయన వైపు చిత్రంగా చూశారు.

రెండో బిళ్ళ నెమలి వైపు వెళ్ళింది. సరిగ్గా అప్పుడే వేళకాని మబ్బొకటి కొండ మీదికి వచ్చింది. నెమలి మెడ నిక్కింది. పురి విప్పింది. బిళ్ళ దాని కాళ్ళ మధ్యనుంచి దొర్లుకుంటూ పోయింది. నెమలి మాత్రం చుట్టూ తిరుగుతూ ఆడుతూనే ఉంది. ఆట బాగుందని ముంగిస జట్టువాళ్ళు కూడా మెచ్చుకున్నారు, ఆ ఆటని.

మూడో బిళ్ళ కొండముచ్చు దగ్గరికి వచ్చింది. కొండముచ్చు రెండు చేతులూ చాచింది. పాపం, చేతులు ఖాళీగా లేవు. పక్కనున్న రేగుచెట్టు పళ్ళు దోసిలి నిండా ఉన్నాయి. దవడల్లో ఇంకొన్ని ఉన్నాయి. దాంతో 'నాదీ' అన్న కేక కూడా సరిగ్గా రాలేదు.

ఉడుము మాత్రం అప్పుడే మొదటి బిళ్ళ పడిన చోటికి చేరుకుంది.

ఓడిపోయారని వేరే చెప్పాలా? ముంగిస వాగు దాటుతూ వెనక్కి తిరిగింది. "బావా, మీ జట్టులో లోపాలే లేవన్నారటగా. మాకు మూడు దొరికాయి. జాగ్రత్తగా ఇంటికి పట్టుకెళ్తున్నాం" అంది.

అందరూ వెళ్ళిపోయారు. అడవిపంది ఒక్కటే మిగిలింది. భల్లన్న దాని పక్కన కూలబడ్డాడు.

"నువ్వు పైకి చూడలేవా తమ్ముడూ?"

"నా మెడ అంత ఎత్తుకి లేవదన్నా."

"మరి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

పంది నేల వైపే చూస్తూ అంది, "చెప్పినవాళ్ళు ఎక్కడ కూర్చున్నారో చూశాం కదన్నా."

  భల్లన్న లేచి తిన్నగా జాజి పొద దగ్గరికి నడిచాడు. కుడివైపునుంచి వెళ్ళి పిలిచాడు.

"జాజమ్మా, ఆ రోజు 'అందుకని నన్ను' అన్నావు. ఆ తరవాత ఏం చెప్పబోయావు?"

జాజి ఆశ్చర్యంగా చూసింది. "అందుకని నన్ను మైదానం చివర, నల్లగుట్ట పక్కన నిలబెట్టమని చెప్పబోయానన్నా. గుట్ట నా ఎడమవైపు ఉంటే, అందరూ కుడివైపే ఉంటారు. కుడి చెవి బాగానే వినపడుతుంది. గుట్ట ఎటూ 'నాదీ' అని అరవదు కదా."

భల్లన్న తల గోక్కున్నాడు. "నీకు వినపడేది ఒక్క చెవే. నాకు రెండూ వినపడతాయి. అయినా నేను సగమే విన్నాను. నా మీద కోపం లేకపోతే రేపు ఆటకి రా తల్లీ. కోపం ఉన్నా రా."

పొద లోపల చిక్కుడు చెవులు రిక్కించి ఇదంతా వింది.

మర్నాడు భల్లన్న మళ్ళీ అందరినీ బండ దగ్గరికి పిలిచాడు. ఈసారి ప్రశ్నలు అడగలేదు. తనే ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నాకు దూరం చూపు ఆనదు. మైదానంలో సగం దాటితే అంతా మసకే. మీరు కేకలు వేస్తే పట్టారనుకుని చప్పట్లు కొట్టేవాణ్ణి. ఇంతకాలం అలాగే నెట్టుకొచ్చాను. జాజిని కూర్చోబెట్టినప్పుడు, ముందు కూర్చోవలసింది నేనే. ఇప్పుడు మీరు కూర్చోమంటే కూర్చుంటాను."

ఎవరూ నవ్వలేదు. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. అడవిపంది ముందుకు జరిగింది. "నేను ఆకాశాన్ని ఎప్పుడూ తిన్నగా చూడలేదన్నా. వాగులో నీళ్ళు తేటగా ఉన్నప్పుడు చూస్తాను. చాలా బాగుంటుంది."

నెమలి మెల్లగా దాని పక్కకి జరిగింది. "బిళ్ళ ఎటు వస్తోందో పైకి చూసి నేను చెబుతాను బావా. కాకపోతే మబ్బు పడితే నాకు నేను గుర్తుండను. అప్పుడు నువ్వే నన్నొక పోటు పొడవాలి."

"నాకెలాగూ మబ్బు కనపడదు. నీ పురి కదలగానే పొడుస్తాను" అంది పంది.

కొండముచ్చు దగ్గింది. "నన్ను ఆ రేగుచెట్టుకి వీపు తిప్పి నిలబెట్టండి. నా వినయం సంగతి అందరికీ తెలిసినదేగా, ఇంకేం చెప్పను."

అసలు పోటీ రోజున మోదుగలు ఎర్రగా విరగబూశాయి. నెమలి "ఎడమకి రెండడుగులు వెయ్" అంటే పంది వేసింది. బిళ్ళ నోట్లో పడింది. కొండ మీద మబ్బు వచ్చింది. పంది ముట్టెతో ఒక పోటు పొడిచింది. నెమలి విప్పబోయిన పురి ముడుచుకుని ఆటలో పడింది. కొండముచ్చు చెట్టువైపు తిరగలేదు. తిరగాలని మాత్రం చాలా అనిపించిందట.

చివరికి ముంగిస వంతు వచ్చింది. ఈ ఒక్క బిళ్ళా చేజారితే ముంగిస గెలుస్తుంది. జాజి చెవి సంగతి వాగు అవతలికి కూడా పాకింది. ముంగిస జాజి నిలబడ్డ చివరికి గురిచూసి బలంకొద్దీ కొట్టింది. బిళ్ళ నల్లగుట్ట అంచు వెంబడి దూసుకుపోయింది. అక్కడ జాజికి వినవలసినదేమీ లేదు. చూడ్డమే. జాజి పరుగెత్తింది. గుట్టను ఒక్క తన్ను తన్ని పైకెగిరింది.

భల్లన్నకి ఏమీ కనపడలేదు. "ఏమైంది? పట్టిందా?" అని పక్కనున్న ఉడుముని అడిగాడు.

"పట్టింది" అంది ఉడుము. "నేనైనా అంత గట్టిగా పట్టేదాన్ని కాదు."

గెలిచినవాళ్ళకి ఓడినవాళ్ళు విందు పెట్టాలి. ముంగిస ముఖం ముడుచుకోకుండానే పిలిచింది. "రండి బావా, ఈసారి కబురు మేమే పంపుకుంటాం" అంది. అందరూ రాళ్ళ మీద గెంతుతూ వాగు దాటారు. పిల్లలూ దాటారు. అవతలి ఒడ్డుకి చేరాక జాజి వెనక్కి చూసింది. ఇవతల చిక్కుడు ఒక్కతే నిలబడి ఉంది. పక్కన అందరికన్నా వెనకబడ్డ భల్లన్న.

"మామా" అంది చిక్కుడు. "నాకు వాగంటే భయం."

భల్లన్న ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. వంగి కూర్చున్నాడు. ఆగాడు.

చిక్కుడు అతని ముఖంలోకి చూసింది. నిజంగానే వింటున్నాడు.

"కానీ... ఎవరైనా నా ముందు నడిస్తే, వాళ్ళ తోక చూసుకుంటూ వస్తాను."

"నాకు తోక ఉందో లేదో నాకే తెలియదే."

"ఉంది మామా. కొంచెమే ఉంది. చాలు."

"అయితే పద. నీళ్ళ తళతళలో నాకు రాళ్ళు సరిగ్గా ఆనవు. ఎక్కడ కాలు పెట్టాలో నువ్వు వెనకనుంచి చెబుతూ ఉండు."

ముందు ఎలుగుబంటి, వెనక కుందేలుపిల్ల. "కుడికి మామా. ఇంకొంచెం. ఆ, అదే" అంటూ చిక్కుడు గొంతు నీళ్ళ మీదుగా తేలి వస్తోంది. అవతలి ఒడ్డున జాజి తల తిప్పి, వినపడే చెవిని అటు పెట్టి నిలబడింది.

నీతి: లోపం ఒప్పుకున్నవారిని పక్కన పెడితే మిగిలినవారు తమ లోపాలు దాచుకుంటారు. చివరిదాకా వింటే, ఆ లోపంతో ఎలా నెగ్గుకురావాలో వారే చెబుతారు.