పచ్చికలో పాత ఊరు

ఫ్రాన్సు దేశంలో బర్గండీ ప్రాంతపు చిన్న ఊళ్ళో అర్మాన్ అనే చరిత్రకారుడు ఉండేవాడు. మధ్యయుగం గురించి ఎంత అడిగినా చెప్పేవాడు గానీ, 'నేను పొరబడ్డాను' అనే మాట మాత్రం చచ్చినా అనేవాడు కాదు.

ఊరి బయట ఒక పెద్ద పచ్చిక ఉంది. మధ్యయుగంలో క్రైస్తవ మఠం సన్యాసులు రాకముందు అక్కడ మనుషులే లేరని అర్మాన్ పుస్తకం రాశాడు. దానితోనే ఆయనకు పేరొచ్చింది. ఆ రోజుల్లో సొలాంజ్ అనే శిష్యురాలు ఆయన వెంట ఆ పచ్చికంతా తిరిగేది. ఇద్దరూ రొట్టె, జున్ను పంచుకు తినేవాళ్ళు, దారి పొడవునా వాదించుకునేవాళ్ళు. ఒకరోజు ఆమె కాలికి రాయి తగిలింది.

"మేష్టారూ, ఇది గోడ రాయిలా ఉంది. సన్యాసులకంటే ముందే ఇక్కడ ఊరుండేదేమో!" అంది.

"దస్తావేజుల్లో లేని ఊరు నీ కాలికి దొరికిందా?" అని, ఆమె అదే మాట పండితుల సభలో చెప్పినప్పుడు అర్మాన్ ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. సొలాంజ్ పరిశోధన మానేసి, పక్క వీధి బడిలో టీచరుగా చేరింది. ఆ తర్వాత అర్మాన్ ఒక్కడే నడిచేవాడు. జున్ను కొంటే సగం మిగిలిపోయేది.

ముప్పై ఏళ్ళు గడిచాయి. అర్మాన్ రాసిన మాటలనే శిలాఫలకం మీద చెక్కించి పచ్చికలో నిలబెట్టాలని ఊరివాళ్ళు అనుకున్నారు. చోటు చూద్దామని ఆయన ఆయాసపడుతూ చర్చి గోపురం ఎక్కాడు. ఆ వేసవిలో చినుకు పడలేదు. మట్టి కింద పాత గోడలున్నచోట వేళ్ళకు తడి అందక, గడ్డి మిగతా చోట్లకంటే ముందే ఎండిపోయింది. పచ్చిక నిండా ఇళ్ళ గదులు, వీధి, గుండ్రటి బావి గీసినట్టు కనిపించాయి.

సొలాంజ్ చెప్పిందే నిజమని ఆయనకు అర్థమైంది. పడమట మబ్బు పట్టింది. వాన పడి గడ్డి మొలిస్తే గీతలు మాయమవుతాయి. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఎక్కడ చూసినా ఆయనకు రొట్టె మూటతో ముందు నడిచే సొలాంజే కనిపించింది. గబగబా మెట్లు దిగి ఆమె తలుపు తట్టాడు.

"అమ్మాయ్, త్వరగా రా! వానొచ్చేలోగా నీ ఊరు చూసుకో."

నెరిసిన జుట్టుతో సొలాంజ్ గోపురం మీద నిలబడి కిందికి చూసింది. ఆమె కళ్ళు నిండాయి.

"నేను పొరబడ్డాను" అన్నాడు అర్మాన్.

"ఈ మాట అప్పుడే అని ఉంటే, ఇద్దరం కలిసి తవ్వేవాళ్ళం కదా మేష్టారూ!" అంది సొలాంజ్.

వాన మొదలైంది.

మర్నాడు అర్మాన్ ఊరివాళ్ళందరి ముందు నిజం చెప్పాడు. ఫలకం మీద 'ఇక్కడ ఒక ఊరుండేది, మొదట గుర్తించింది సొలాంజ్' అని చెక్కారు. ఇద్దరూ మళ్ళీ పచ్చికలో నడవడం మొదలుపెట్టారు. కానీ వయసు మీదపడ్డ అర్మాన్ కాళ్ళు ఫలకం దాటి ముందుకు సాగేవి కావు.

నీతి: తప్పును తెలిసిన వెంటనే ఒప్పుకోవాలి, ఆలస్యంగా ఒప్పుకుంటే నిజం దక్కుతుంది గానీ, పోయిన కాలం తిరిగి రాదు.